పిల్లకి ఏమైంది

లూషా నేలమాళిగలో మోకాళ్ళ మీద కూర్చుని, భూతద్దం కంటికి ఆనించుకుని, తడిగుడ్డతో ఒక్కొక్క ఆకునూ వెనక్కి తిప్పి తుడుస్తోంది. ఎర్రనల్లి లేదు. పేనుబంక లేదు. సాలెగూడు లాంటి నూగూ లేదు. ఈనెలు మాత్రం పచ్చగా ఉండి, వాటి మధ్య ఆకంతా పాలిపోయింది. అంచులు లోపలికి ముడుచుకున్నాయి. కాడ ముట్టుకుంటే పుటుక్కున విరిగేలా ఉంది. నిన్నా ఇంతే, మొన్నా ఇంతే. పైన వంటింటి నేల మీద చేతికర్ర టకటకమంది.

"లూషా! పిల్లకి ఏమైందో తెలిసిందా?"

"చూస్తున్నా అత్తయ్యా!"

"చలికాలం మొదలైనప్పట్నుంచీ చూస్తూనే ఉన్నావు కదే. చూపులతో బాగవుతుందా? అంత రుసరుసలాడుతూ కిందికి దిగితే ఏ మొక్క మాత్రం బతుకుతుంది? మనిషి మనసు వాటికి తెలుస్తుంది."

పిల్ల అంటే మనిషి కాదు, గంజాయి మొక్క. లూషా అత్తగారు ఫెన్యా ఆ మాట నోటితో పలకదు. తాతల నాడు రష్యా నుంచి ఓడెక్కి వచ్చి, ఈ కెనడా కొండల్లో స్థిరపడిన దుఖోబోర్లనే మతస్థుల ఇంట పుట్టిన మనిషి ఆవిడ. మాంసం ముట్టరు, సారా ముట్టరు, పొగ ఊదరు. ఆ మొక్క నూనె మాత్రం తన జబ్బుకి మందు కాబట్టి ఆ లెక్కలోకి రాదని తనకి తానే తీర్పు చెప్పుకుని, మొక్కకి పిల్ల అని పేరు పెట్టుకుంది. పిల్ల ఎలా ఉంది, పిల్ల నీళ్ళు తాగిందా, పిల్లకి చలేస్తోందేమో చూడు అంటూ పొద్దస్తమానం ఆరాలే. ఆ పిల్లని చూసుకునే మనిషి ఎలా ఉందని మాత్రం ఈ ఇంట్లో ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ఫెన్యాది నరాల జబ్బు. పొద్దు వాలేసరికి కాళ్ళు కొయ్యబారిపోతాయి, పిక్కలు ముడిపడి రాళ్ళవుతాయి, ఆవిడ పళ్ళబిగువున కాసేపు ఓర్చుకుని ఆ తర్వాత కేకలు పెడుతుంది. డాక్టరిచ్చిన మాత్రలు వేసుకుంటే నొప్పి తగ్గేది గానీ, మత్తులో తూలుతూ కన్నకొడుకు పేరు కూడా తడుముకునేది. అప్పట్లో లూషా క్యాసిల్‌గార్ ఊళ్ళో ఓ ఆస్పత్రిలో పక్కబట్టలు ఉతికే చోట పనిచేసేది. అత్తగారిని చూసుకోవడానికి ఎవరినైనా పెట్టుకుందామని ఆమె అంటే, "పరాయి మనిషి చేత అమ్మ కాళ్ళు పట్టిస్తామా? మనవాళ్ళు నవ్వరూ?" అన్నాడు భర్త ఈలై. ఎంత మెత్తగా అన్నాడంటే, అది నీ ఉద్యోగం మానెయ్యి అనడమని లూషాకి ఆ రాత్రి బట్టలు మడతపెడుతుంటే గానీ తట్టలేదు. ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికితే జీతమిచ్చేవాళ్ళు, మధ్యలో కాఫీ తాగడానికి కూర్చోనిచ్చేవాళ్ళు. ఇంట్లో అవే దుప్పట్లు ఉతికితే "సబ్బు వాసన ఘాటుగా ఉంది" అంటారు.

పిల్లని లూషాయే గింజ నుంచి పెంచింది. ఇంట్లో మొక్క పెంచుకోవడానికి చట్టం ఇంకా ఒప్పుకోని రోజుల మాట. నేలమాళిగలో టమాటాల సీసాలూ, పులియబెట్టిన క్యాబేజీ జాడీలూ ఉన్న అలమర వెనక, గుడ్డ తెర కట్టి, ఓ కరెంటు దీపం కింద ఎన్నో గింజలు వేసి చూసింది. కొన్నిటి నూనె ఫెన్యాకి తల తిప్పేది, కొన్నిటిది ఏమీ చేసేది కాదు. ఈ ఒక్కదాని నూనె నాలుక కింద నాలుగు చుక్కలు వేసి, కాళ్ళకి రాస్తే మాత్రం పిక్కల ముడులు మెల్లగా వదిలేవి, మతి మతిలాగే ఉండేది. ఆ నూనె దిగిన మొదటి సాయంత్రం ఫెన్యా ఏ కేకా లేకుండా క్యాబేజీ వేసి కాచిన బోర్ష్ చారు గిన్నెడు ఖాళీ చేసి, "ఇంకొంచెం వెన్న వేసుంటే బాగుండేది" అంది. లూషా వంటింట్లోకి వెళ్ళి ఆనందం పట్టలేక ఏడ్చింది. అంతటి మెచ్చుకోలు మళ్ళీ దొరకలేదు.

అప్పట్నుంచీ ఆ మొక్కని తల్లిగా ఉంచేసింది. తల్లిమొక్కని పూతకి రానివ్వకూడదు. దీపం రోజులో ముప్పాతిక భాగం వెలుగుతూనే ఉండాలి, వెలుతురున్నంతసేపూ అది వేసవే అనుకుంటుంది. దాని కొమ్మలు తుంచి వేళ్ళు పట్టించి, పక్క గదిలో తక్కువసేపు వెలుతురిచ్చి పూయించాలి. ఆ పూగుత్తులు కోసి, ఆరబెట్టి, సన్నటి సెగ మీద నూనెలో కాగించాలి. గింజ వేస్తే మళ్ళీ అదే పిల్ల రాదు, తోబుట్టువులు ఒకలా ఉండనట్టే. కొమ్మ నుంచి వస్తేనే అది. ఇప్పుడు చట్టం ఇంటికి నాలుగు మొక్కలు ఒప్పుకుంది కనక గుడ్డ తెర తీసేశారు, ఈలై గోడలకి తెల్లరంగు వేయించాడు, ఓ కుర్చీ కూడా తెచ్చి వేశాడు. కుర్చీలో ఈలై కూర్చుంటాడు. లూషాకి మోకాళ్ళున్నాయి.

చట్టం వచ్చాక ఈలైకి పేరొచ్చింది. ఆదివారం ప్రార్థన అయ్యాక మందిరం బయట మగవాళ్ళంతా అతని చుట్టూ చేరేవాళ్ళు. మాది పసుపెక్కుతోంది ఈలై, మాది వాడుతోంది ఈలై, ఏం చెయ్యమంటావు? "కింది ఆకులా, పై ఆకులా? కింది ఆకులు ముందు పండితే నత్రజని చాలక. లేత మొవ్వు పాలిపోతే ఇనుము. అంచు మాడితే ఎరువెక్కువైంది" అని చేతులు తిప్పుతూ చెప్పేవాడు. పక్కనే కూర కూరిన పిరహీల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ లూషాకి, ముందురోజు తను అంట్లు తోముతూ చెప్పిన మాటలు తన మొగుడి గొంతులో వింటుంటే మొదట్లో గర్వంగా ఉండేది. సిగ్గుచేటు గానీ నిజంగానే గర్వంగా ఉండేది. నా మాట ఇంతమంది వింటున్నారు కదా అనుకునేది. ఆ తర్వాతెప్పుడో, ఈలై నోటి నుంచి వస్తేనే అది మాట అవుతుందని, తన నోటి నుంచి వస్తే సణుగుడు అవుతుందని తెలిసొచ్చింది.

కిందటి శరదృతువులో, కలపమిల్లులో ఈలైతో పనిచేసే వెస్ వీళ్ళింటికి వచ్చాడు. తడిగుడ్డలో చుట్టి ఏదో కొత్త రకం కొమ్మ తెచ్చాడు. లూషా సంతోషంగా అందుకుని, దాన్ని స్నానాలగది కిటికీలో గ్లాసులో పెట్టింది. బయటి నుంచి వచ్చిన దేన్నైనా కొన్నాళ్ళు విడిగా ఉంచి చూడందే తల్లి దగ్గరికి రానివ్వకూడదు. వెస్ చేతులు కడుక్కోవడానికి వెళ్ళి, మరుగుదొడ్డి పక్కన ఉన్న తన కానుకని చూశాడు. బయటికొచ్చేసరికి ముఖం ఇంతైపోయింది.

ఫెన్యాకి తల కొట్టేసినట్టయింది. వాళ్ళింట్లో ఓ పట్టింపు ఉంది. చేత్తో తెచ్చిన మొక్క, తెచ్చినవాళ్ళు గడప దాటేలోగా మట్టిలో పడాలి. తెచ్చిన చెయ్యి వట్టిగా తిరిగి వెళ్ళకూడదు. రొట్టె, ఉప్పు, నీళ్ళు తప్ప బల్ల మీద ఏమీ లేని రోజుల్లో కూడా ఫెన్యా అత్తగారు బంగాళదుంప విత్తనమైనా చేతిలో పెట్టి పంపేదట.

"మనిషి ప్రేమగా తెస్తే దొడ్లో పెడతావుటే?" అంది ఫెన్యా. "నా కళ్ళముందే ఇంత మర్యాదా?"

"అది కాదత్తయ్యా, ఏమైనా తెగులుంటే..."

"తెగులు తెచ్చాడంటున్నావా? వినరా ఈలై, మీ ఆవిడ ఏమంటోందో."

ఈలై గ్లాసు తీసుకుని కిందికి దిగాడు, వెనకే వెస్, వాళ్ళ వెనక లూషా. ఈలై జేబులోంచి మడతకత్తి తీసి, వెస్ తెచ్చిన కొమ్మ చివర ఏటవాలుగా కోసి, తల్లిమొక్క పక్కనే కుండీలో గుచ్చాడు. అదే కత్తితో తల్లి నుంచి ఓ మంచి కొమ్మ కోయబోయాడు. "ఈలై, కత్తి స్పిరిట్‌తో తుడువు" అంది లూషా మెట్ల మీంచి. ఈలై కత్తిని ప్యాంటుకి అటూ ఇటూ రాసి, వెస్ వైపు కన్ను గీటి, "డాక్టరమ్మగారి ఆర్డరు" అంటూ కొమ్మ కోసి అతని చేతిలో పెట్టాడు. ఇద్దరూ పకపకా నవ్వారు. అందరూ నవ్వుతున్నప్పుడు పెళ్ళాం ఒక్కతే మూతి ముడుచుకుంటే బాగుండదని లూషా కూడా నవ్వింది. ఆ తర్వాత ఈలై చెయ్యి జోరందుకుంది. కొత్త సంవత్సరం వచ్చేలోపు, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ తల్లి నుంచి కొమ్మలు కోసి పంచాడు. లోయలో సగం ఇళ్ళలో పిల్ల కూతుళ్ళు వేళ్ళు తన్నుతున్నాయని చెప్పుకుని మురిసిపోయాడు.

చలికాలం రాగానే మొదలైంది. ముందు ఒక ఆకు, పల్లాకు తెగులు వచ్చిన పెసరచేలో లాగా పసుపూ ఆకుపచ్చా కలిసిపోయి కనిపించింది. మెగ్నీషియం చాల్లేదేమోనని లూషా ఎప్సమ్ ఉప్పు కలిపి పోసింది. రెండు రోజులు తేరుకున్నట్టే ఉండి మళ్ళీ మొదటికొచ్చింది. నీళ్ళ పీహెచ్ తేడా కొట్టిందేమోనని కొలిచి, సరిచేసి పోసింది. ఎరువు పేరుకుని వేళ్ళు పీల్చుకోలేకపోతున్నాయేమోనని వట్టి నీళ్ళతో మట్టంతా కడిగింది. మెల్లగా కుండీ వంచి వేళ్ళు చూసింది, కుళ్ళు లేదు, తెల్లగానే ఉన్నాయి. దీపం ఎత్తు పెంచింది, ఫ్యాన్ పక్కకి తిప్పింది. ఏం చేసినా ఆకు పెద్దదవదు, కణుపులు దగ్గరదగ్గరగా వచ్చి మొక్క పొట్టిగా గిడసబారిపోతోంది. పక్కగదిలో పూసిన గుత్తులు చేత్తో నలిపితే వేళ్ళకి జిగురంటడం లేదు. జిగురు లేకపోతే నూనెలో ఏముంటుంది? ఫెన్యా కాళ్ళు మళ్ళీ బిగుసుకోవడం మొదలైంది. ముందు వారానికోసారి. తర్వాత రోజూ. ఈలై ఫోనులో వీడియోలు చూసి కేకేసి చెప్పేవాడు, "తిండి పెంచు, తిండి చాల్లేదంటున్నాడు ఇక్కడెవడో." వెస్ ఫోన్ చేసి, "నీళ్ళెక్కువ పోస్తోందేమో అడుగు" అని ఈలైకే చెప్పేవాడు. లూషా పక్కనే ఉన్నా సరే, ఈలైకే.

ఇంతమంది ఇన్ని అంటుంటే లూషాకి తన చేతుల మీద తనకే నమ్మకం పోయింది. చెంబు పట్టుకుంటే చాలు, ఎక్కువ పోస్తున్నానా అని చెయ్యి ఆగిపోయేది. అత్తగారన్నట్టు కోపంగానే దిగుతున్నానా, నా కోపం మట్టిలోకి ఇంకుతోందా అని కూడా అనుకుంది ఓ రోజు. నిజమే, కోపంగానే ఉంది. ఎన్నేళ్ళ నుంచి ఉందో తెలియదు. కానీ కోపంతో మొక్కలు చచ్చిపోయేటట్టయితే ఈ లోయలో ఏ ఆడదాని పెరట్లో క్యాబేజీ బతుకుతుంది? ఇలా అనుకుని నవ్వుకుని, మళ్ళీ వెంటనే ఏడుపొచ్చి, మెట్ల మీద కాసేపు అలాగే కూర్చుండిపోయింది. ఇల్లు మొత్తంలో ఆమె ఏడవడానికి వీలున్న చోటు అదొక్కటే. పిల్ల పోతే ఈ గది కూడా పోతుంది. ఈలై అప్పుడే కొలతలు తీసుకుంటున్నాడు, కింద పెద్ద టీవీ పెట్టుకుంటే హాకీ ఎంత బాగుంటుందో అంటున్నాడు.

ఆఖరికి ఎవరికీ చెప్పకుండా ఓ ఆకూ, చిన్న వేరుముక్కా తడికాగితంలో చుట్టి, తీరం వైపు పట్నంలో మొక్కల తెగుళ్ళు పరీక్షించే చోటికి పంపింది. కొన్నాళ్ళకి ఫోన్ వచ్చింది. ఎవరో చిన్నవయసు అమ్మాయి గొంతు, మర్యాదగా, జాలిగా.

"ఇది వైరస్ కంటే చిన్న జీవి అండీ. వైరాయిడ్ అంటారు. మొక్క రసంలో ఉంటుంది. కత్తెర గానీ కత్తి గానీ కడక్కుండా ఒకదాని తర్వాత ఒకటి కోశారా?"

లూషాకి ఈలై ప్యాంటుకి రాసిన కత్తి గుర్తొచ్చింది. "కోశారు" అంది.

"అయితే అలాగే వచ్చుంటుంది."

"దీనికి మందేదైనా ఉందా అమ్మా?"

"లేదండీ. మొవ్వు కొసలోంచి రవ్వంత తీసి గాజుబుడ్డిలో పెంచే పెద్ద కంపెనీలున్నాయి, కానీ వాళ్ళు ఇళ్ళల్లో మొక్కలు తీసుకోరు. తీసెయ్యడమే. కుండీలూ, పనిముట్లూ బ్లీచింగ్‌తో కడగండి. ఎవరికైనా కొమ్మలిచ్చారా? ఇచ్చుంటే వాళ్ళక్కూడా చెప్పండి. సారీ అండీ."

ఆ అమ్మాయి సారీ అంది. ఏ సంబంధమూ లేని పిల్ల! ఆ ఒక్క మాటకి లూషా ఫోన్ పెట్టేసి చాలాసేపు చేతిలో ఉన్న తడిగుడ్డతోనే ముఖం కప్పుకుని ఏడ్చింది.

ఈలై మిల్లు నుంచి రాగానే బూట్లు విప్పకముందే అంతా చెప్పింది. కత్తి సంగతి కూడా చెప్పింది, తప్పు పడుతున్నట్టు కాకుండా, జరిగింది జరిగినట్టు. ఈలై ముఖం పాలిపోయింది. బల్ల దగ్గర కూర్చుని, ఉప్పుగిన్నెని ఇటు నుంచి అటూ అటు నుంచి ఇటూ జరిపాడు. పాపం అనిపించింది లూషాకి. ఇన్నేళ్ళ అలవాటు, అతనికి బాధ కలిగితే ముందు తనకే పాపం అనిపిస్తుంది.

"వెస్ వాళ్ళకి చెప్పకు" అన్నాడు.

"చెప్పకపోతే ఎలా? వాళ్ళ మొక్కలన్నీ..."

"వద్దన్నానా! ఊళ్ళో సగం మందికి నా చేత్తో ఇచ్చాను. ఈలై ఇంటి నుంచి తెగులొచ్చిందంటే నేను ఆ మందిరం గడప తొక్కగలనా?" అని గొంతు తగ్గించాడు. "చూడు, నీళ్ళెక్కువ పోశానని చెప్పు. ఎలాగూ అందరూ అదే అనుకుంటున్నారు."

"నేనా?"

"నువ్వయితే ఏముంది లూషా? నిన్నెవరూ ఏమీ అనుకోరు."

అతను దుర్మార్గంగా అనలేదు. ఓదార్పుగానే అన్నాడు, చెయ్యి మీద చెయ్యి వేసి మరీ అన్నాడు. అదే లూషాని కోసేసింది. నిజంగానే ఎవరూ ఏమీ అనుకోరు. ముక్కలైన పింగాణీ, మాడిన రొట్టె, ఆలస్యమైన బోర్ష్, ఇంట్లో ఏది చెడినా చివరికి వచ్చి చేరేచోటు ఒకటి ఉండాలి, ఆ చోటు తనే. కానీ పిల్లని తను చంపానని తన నోటితో చెప్పాలా? గింజ పగిలి తెల్లటి మొలక తొంగిచూసిన రోజు ఎవరున్నారు అక్కడ? తనొక్కతే. అతనితో దెబ్బలాడాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక లేచి పొయ్యి మీద గిన్నె దించింది.

మర్నాడు ఈలై పనికి వెళ్ళాక కిందికి దిగి దీపం ఆర్పేసింది. వెలుతురు లేని ఆ గది ఆమె ఎన్నడూ చూసి ఎరగదు. చేతిదీపం వెలుగులో పిల్లని మొదలు దగ్గర పట్టుకుని లాగింది, రాలేదు. మళ్ళీ లాగింది. ఇన్నేళ్ళ వేళ్ళు కుండీ ఆకారంలో గుండ్రంగా అల్లుకుపోయి, మట్టితో సహా ముద్దగా ఊడొచ్చాయి. కొమ్మలు విరిచి నల్లసంచుల్లో కుక్కుతుంటే వాసన గుప్పుమంది, జబ్బు చేసినా వాసన మాత్రం చావలేదు. వెస్ తెచ్చిన కొమ్మనీ, పక్కగదిలో పూతకొచ్చిన రెండింటినీ కూడా తీసేసింది. గోడలు కడిగింది, కుండీలు కడిగింది, ఈలై కుర్చీ కూడా కడిగింది. బ్లీచింగ్ ఘాటుకి కళ్ళు మండి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. పైనుంచి కర్ర చప్పుడు వినిపిస్తూనే ఉంది. పిల్లకి ఏమైంది, పిల్లకి ఏమైంది. ఈ ఒక్కసారికి జవాబివ్వలేదు.

ఆదివారం మందిరంలో బల్ల మీద ఎప్పటిలాగే రొట్టె, ఉప్పు, కూజాతో నీళ్ళు. ఒక పక్క ఆడవాళ్ళు, ఒక పక్క మగవాళ్ళు, అందరూ ఒకరిలోని దేవుడికి ఒకరు తలవంచి నమస్కరించుకున్నారు. ఈలై కూడా ఆమె వైపు తిరిగి అందరితోపాటు వంగాడు. కీర్తనలయ్యాక భోజనాల దగ్గర వెస్ అడిగాడు, "పిల్ల ఎలా ఉంది ఈలై?"

"పోయింది" అన్నాడు ఈలై, చేతులు చాచి, నాటకంలో లాగా. "మా ఆవిడ ప్రేమతో నీళ్ళలో ముంచేసింది."

బల్ల చుట్టూ నవ్వులు. "ఆడవాళ్ళ చేతికి చెంబిస్తే అంతే" అన్నారెవరో. ఓ ముసలావిడ లూషా భుజం తట్టి, "పోనీలే తల్లీ, మా చిన్నప్పుడు నేనూ ఉల్లినారు ఇలాగే చంపాను" అంది. లూషా గరిట గిన్నెలో వదిలేసి వెస్ దగ్గరికి వెళ్ళింది.

"వెస్, అది నీళ్ళ వల్ల కాదు. తెగులు. కత్తి మీద వచ్చింది. మీ మొక్కల ఆకులు చిన్నవవుతున్నాయా? ఒకసారి పరీక్షకి పంపు. మీ కత్తెరలు కడుగు."

వెస్ ఆమె ముఖం చూడలేదు, ఆమె భుజం మీంచి ఈలై ముఖం చూశాడు. ఈలై నవ్వుతూ చెయ్యి ఊపాడు. "ఫోన్లో ఎవరో పిల్ల భయపెట్టింది దీన్ని. రాత్రీ పగలూ అదే గోల." వెస్ కూడా నవ్వాడు, తేలికపడ్డట్టు. "మావాటికేం లేదమ్మా, కాస్త తిండి తక్కువైందంతే. ఎరువు వేశాను, కోలుకుంటాయి" అన్నాడు. అవతలి బల్ల దగ్గర ఇంకొకాయనకి చెప్పబోతే ఆయన, తన మొక్క మొవ్వు ఎందుకు పాలిపోతుందో ఈలైని అడిగి చెప్పమన్నాడు. లూషా వచ్చి మళ్ళీ గరిట పట్టుకుంది. ఇంకేం చెయ్యాలి? అరవాలా? అరిస్తే పిచ్చి కూడా పట్టిందంటారు. బోర్ష్ వడ్డించింది, అందరూ రెండోసారి కూడా వేయించుకున్నారు.

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలింది. ఫెన్యా కాళ్ళు అప్పటికే బిగుసుకున్నాయి. లూషా మంచం పక్కన కింద కూర్చుని, వేడినీళ్ళలో ముంచిన గుడ్డ చుట్టి, రెండు బొటనవేళ్ళతో పిక్కల ముడుల మీద నొక్కుతోంది. సీసా అడుగున మిగిలిన పాత నూనె నిన్ననే అయిపోయింది. ఫెన్యా దుప్పటి అంచు పళ్ళ మధ్య పెట్టుకుని మూలిగింది, ఆ తర్వాత కేకలు, ఆ తర్వాత తిట్లు.

"చంపేశావు కదే! నా పిల్లని చంపేశావు. నా కొడుకు అంత కష్టపడి పెంచిన చెట్టుని... కళ్ళెక్కడ పెట్టుకున్నావే, నీళ్ళు పోసేటప్పుడు? ఇంక నా గతేంటి? చెప్పు, నా గతేంటి?"

తిట్టనీ అనుకుంది లూషా. నొప్పిలో ఉన్న మనిషి, పైగా ఆవిడకి నిజం తెలియదు. ముంచింది నేనే అనుకుంటోంది. తెలిస్తే ఆవిడైనా నన్ను ఇలా అంటుందా? ఈ ఇంట్లో ఒక్కరికైనా తెలియాలి. గుడ్డ మళ్ళీ వేడినీళ్ళలో ముంచి పిండుతూ అంది. "అత్తయ్యా, నేను ముంచలేదు. ఆ రోజు ఈలై కత్తి తుడవలేదు. దాని వల్ల పోయింది."

ఫెన్యా తిట్లు ఆగిపోయాయి. కాసేపు ఎగశ్వాసతో రొప్పింది. నొప్పి ఒక అల తగ్గినట్టుంది, కళ్ళు తుడుచుకుని, మామూలు గొంతుతో, పక్కింటి సంగతి చెప్పినట్టు అంది.

"నాకు తెలుసే. వాడే చెప్పాడు. నా పక్కన కూర్చుని ఏడ్చాడు కూడా."

లూషా చేతులు ఆగాయి. "మరి నన్నెందుకు తిడుతున్నారు?"

"వాణ్ణి తిడితే లేచి పోతాడు. నాలుగు రోజులు ముఖం చూపించడు." ఫెన్యా కాలు కొంచెం ముందుకి చాపింది, ఆగిపోయిన చోట మళ్ళీ నొక్కమన్నట్టు. "నిన్ను తిడితే నువ్వు ఉంటావు."

అందులో కసి లేదు. కొట్టుకు వెళ్ళే మనిషికి ఏ దారి దగ్గరో చెప్పినంత మామూలుగా చెప్పిందావిడ. బహుశా ఆవిడకీ ఎప్పుడో ఎవరో ఇలాగే చెప్పి ఉంటారు. లూషా ఆ పిక్క ముడి పూర్తిగా వదిలేదాకా నొక్కింది. ఇంకో కాలికి గుడ్డ చుట్టబోయి, ఆగి, లేచింది. ఎక్కడికి వెళ్తుంది? వెళ్ళడానికి చోటేమీ లేదు, కింద గది కూడా వట్టిదైపోయింది. బయట మంచు కురుస్తోంది, ట్రక్కు తాళాలు ఈలై జేబులో ఉన్నాయి. అయినా లేచింది. పొగలు కక్కే గుడ్డని చేతిలో అలాగే పట్టుకుని ముందుగదిలోకి నడిచింది. ఈలై సోఫాలో కాళ్ళు చాపుకుని హాకీ చూస్తున్నాడు.

"ఈలై, లే. అమ్మకి రెండో కాలు పట్టాలి."

"నువ్వున్నావుగా" అన్నాడు ఈలై, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

"లేను" అంది లూషా, వేడిగుడ్డ అతని ఒళ్ళో పెడుతూ.